ఏ ఊలు, ఏ సూది, ఏ పని: కొరాపుట్ చలికి ఒకటి, పర్లాకిమిడి ఉక్కకి ఒకటి

జయపురంలో అయినా, రాయగడలో అయినా, పర్లాకిమిడి బజారులో అయినా ‘ఊలు ఉండలు చూపించండి’ అంటే బల్ల మీదకొచ్చేవి చాలావరకు ఆక్రిలిక్ (ఫ్యాక్టరీలో చేసే కృత్రిమ దారం) ఉండలే. మన భాషలో గొర్రెబొచ్చు దారానికీ, స్వెట్టర్ అల్లే ఏ దారానికైనా ‘ఊలు’ అన్న ఒక్క మాటే స్థిరపడిపోయింది. కాబట్టి అమ్మినవాళ్లు అబద్ధమాడారనీ అనలేం, కొన్నవాళ్లు మోసపోయారనీ అనలేం. తేడా బయటపడేది తర్వాత. గొర్రెబొచ్చుది వేడినీళ్లలో పడితే బిగుసుకుపోయి పిల్లాడి సైజుకొస్తుంది. ఆక్రిలిక్‌ది ఇస్త్రీపెట్టె తగిలితే సాగి, చచ్చుబడి, మళ్లీ లేవదు. రెండు నెలల పని ఒక్క ఉతుకులో పోతే ‘నాకు అల్లిక రాదు’ అనుకుని సూదులు అటకెక్కించేస్తారు. చాలాసార్లు తప్పు చేతిది కాదు, దారం ఎంపికది.

ఇక్కడి నుంచి ‘ఊలు’ అంటే గొర్రెబొచ్చుతో వడికినదనే అర్థం. మిగతావాటిని వాటి పేర్లతోనే పిలుద్దాం.

రంగు చూడకముందే రెండు ప్రశ్నలకి జవాబు తెలియాలి. ఇది ఏ ఊళ్లో వేసుకుంటారు? దీన్ని ఎవరు ఉతుకుతారు? కొరాపుట్ పట్టణం సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడా, సెమిలిగూడ, పొట్టంగి వైపూ డిసెంబరు, జనవరి రాత్రుళ్లు పది డిగ్రీల లోపుకి దిగిపోతాయి, పొద్దున పొగమంచు. ఘాటు దిగి రాయగడ, గుణుపురం వచ్చేసరికి సాయంత్రం ఏడు నుంచి పొద్దున ఎనిమిది దాకానే చలి. బరంపురంలో తీరం గాలికి పూర్తి చేతుల స్వెట్టర్ ఏడాదిలో ఎన్నాళ్లు వేస్తారో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఒకే కుటుంబం ఈ మూడు చోట్లా ఉంటుంది, పెద్దమ్మ అందరికీ ఒకే దారంతో అల్లి పంపిస్తుంది. చిక్కు అక్కడే.

ముందు అది ఏ దారమో తేల్చుకోండి

చిన్న దుకాణాల్లో ప్యాకెట్టు విప్పి ఉండలు విడిగా అమ్ముతారు. చుట్టుకాగితం ఉండదు. అలాంటప్పుడు కాల్చి చూడడమే దారి. ఐదు సెంటీమీటర్ల ముక్క కత్తిరించి, పటకారుతో పట్టుకుని, స్టీలు పళ్లెం మీద అగ్గిపుల్ల అంటించండి. పక్కన గ్లాసుడు నీళ్లు పెట్టుకోండి. చేత్తో మాత్రం పట్టుకోవద్దు, ఆక్రిలిక్ కరిగి చుక్కలుగా కారుతుంది.

ఊలు మంటని చూసి ముడుచుకుంటుంది, నెమ్మదిగా చిటపటలాడుతుంది, మంట తీయగానే చాలావరకు తనే ఆరిపోతుంది. వెంట్రుకలు కాలిన కంపు వస్తుంది. మిగిలిన నల్లటి బుడిపెని వేళ్ల మధ్య నలిపితే పొడి అయిపోతుంది. నూలు కాగితంలా భగ్గుమంటుంది, మంట ఆరాక కూడా నిప్పు పాకుతూ పోతుంది, మెత్తటి బూడిద మిగులుతుంది. ఆక్రిలిక్ కరుగుతూ నల్లపొగతో మండుతుంది, చల్లారాక గట్టి నల్లపూస మిగులుతుంది. ఎంత నలిపినా చితకదు. వెంట్రుకల కంపూ వచ్చి, గట్టి పూసా మిగిలితే అది మిశ్రమం. అందులో ఊలు పాలు ఎంతో ఈ పరీక్ష చెప్పదు. దానికి చుట్టుకాగితమే దిక్కు.

మూడింటినీ పక్కపక్కన పెడితే

తేమ దగ్గర మొదలుపెడదాం, ఎందుకంటే మన ప్రాంతంలో తేడా అంతా అక్కడే ఉంది. గాలిలో తేమ 65 శాతం ఉన్నప్పుడు ఊలు తన బరువులో సుమారు 16 శాతం నీటిని లోపలికి తీసుకుని కూడా పొడిగానే తగులుతుంది. నూలు ఎనిమిదిన్నర శాతం దగ్గర ఆగుతుంది. ఆక్రిలిక్ ఒకటిన్నర, రెండు శాతం. సెమిలిగూడ పొగమంచులో పొద్దున్నే పాలకి వెళ్లేవాళ్లకి ఊలు వెచ్చగా అనిపించేది అందుకే. స్వెట్టర్ లోపల పట్టిన చెమట ఆవిరిని అది పీల్చుకుంటుంది. ఆక్రిలిక్ పీల్చదు. చెమట ఒంటికీ దారానికీ మధ్య నిలిచిపోతుంది, నడిచి ఆగగానే చల్లగా తగులుతుంది. పర్లాకిమిడిలో ఆక్రిలిక్ మఫ్లర్ చుట్టుకున్న మెడ మధ్యాహ్నానికి జిడ్డుగా దురద పెట్టేదీ ఇందుకే. ‘మా బాబుకి ఊలు పడదు’ అని చెప్పుకునే పిల్లల్లో చాలామంది ఒంటిమీద ఊలు పడనే పడలేదు, పడింది ఆక్రిలిక్.

అలాగని ఊలు గుచ్చుకోదని కాదు. గుచ్చుకునేది పోగు లావుని బట్టి. 30 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు) దాటిన పోగుల కొనలు చర్మాన్ని పొడుస్తాయి. గొంగళి గుచ్చుకునేది అందుకే. మెరీనో అనే సన్నబొచ్చు గొర్రెల పోగు 24 మైక్రాన్ల లోపే ఉంటుంది కాబట్టి మెడకి కూడా పనికొస్తుంది. కొనే ముందు ఉండని చేత్తో తడిమితే తెలియదు, వేళ్ల చర్మం మొద్దు. గవద కింద, మెడ వంపులో అరనిమిషం ఆనించి చూడండి. అక్కడ కుట్టకపోతే ఎక్కడా కుట్టదు.

ఉతుకు దగ్గర లెక్క తిరగబడుతుంది. ఊలు పోగు మీద చేప పొలుసుల్లాంటి పొరలు ఉంటాయి. వేడినీళ్లు, సబ్బు, రాపిడి మూడూ కలిస్తే ఆ పొలుసులు ఒకదాన్నొకటి పట్టుకుని దగ్గరకి బిగుస్తాయి. ఒకసారి అలా బిగిసిన దాన్ని ఎవరూ వెనక్కి తేలేరు. బండకేసి బాదే ఇంట్లో, లేదా అన్ని బట్టలూ కలిపి మెషీన్లో వేసే ఇంట్లో మామూలు ఊలు ఇవ్వడమంటే రెండు నెలల పనిని నీళ్లలో వదలడమే. ‘సూపర్‌వాష్’ అని రాసి ఉన్న ఊలు పొలుసుల్ని అణచి తయారుచేసినది, బిగుసుకోదు. కానీ దానికి వేరే జబ్బు ఉంది. తడిసినప్పుడు సాగుతుంది, తీగ మీద ఆరేస్తే మోకాళ్ల దాకా దిగుతుంది. రెండు రకాలైనా ఉతికేది గోరువెచ్చని నీళ్లలోనే. ముంచి, పది నిమిషాలు నాననిచ్చి, పిండకుండా తువ్వాల్లో చుట్టి నొక్కి, నులక మంచం మీద పాత చీర పరిచి చదునుగా ఆరేయాలి. కిందనుంచీ గాలి ఆడుతుంది కాబట్టి దీనికి నులక మంచాన్ని మించింది లేదు. సబ్బు విషయంలో, మామూలు డిటర్జెంటు పొడుల్లోని క్షారం, మరకలు తినే ఎంజైములు ఊలునీ పట్టునీ కూడా తింటాయి. వడకట్టిన పల్చటి కుంకుడు రసం చాలు. చిక్కటి రసం లేత రంగుల్ని కాస్త పసుపు చేస్తుంది, అది గుర్తుంచుకోండి.

ఆక్రిలిక్‌కి ఈ బాధేదీ లేదు. మెషీన్లో వేయొచ్చు, పురుగు పట్టదు, రంగు ఎండకి తొందరగా వెలవదు. దాని శత్రువు వేడి. 85, 95 డిగ్రీల మధ్య పోగు మెత్తబడిపోతుంది. తడిగుడ్డ పరిచి ఇస్త్రీ చేస్తే మెత్తబడి జారుడుగా అవుతుంది, ఆ బిగువు మళ్లీ రాదు. శాలువా జారుగా వేలాడాలని కొందరు కావాలనే ఆవిరి పడతారు, అది వేరు. స్వెట్టర్ అంచుకి మాత్రం ఇస్త్రీ తగలనివ్వకండి.

ఇంకో సంగతి తప్పకుండా చెప్పాలి. మన్యం ఊళ్లలో చలికాలం సాయంత్రాలు నెగడు చుట్టూ గడుస్తాయి. నిప్పురవ్వ ఊలు మీద పడితే నల్లమచ్చ పడి ఆరుతుంది. ఆక్రిలిక్ మీద పడితే కరిగి, కింద చర్మానికి అతుక్కుంటుంది. నెగడు దగ్గర కూర్చునే తాతయ్యకి, కట్టెలపొయ్యి ముందు వంట చేసే అమ్మమ్మకి అల్లేటప్పుడు వెచ్చదనం, ధర, రంగు అన్నీ పక్కనపెట్టి దీన్నే చూడండి. ఊలు కొనే స్తోమత లేకపోతే ఆక్రిలిక్ పూర్తి చేతులు అల్లకుండా హాఫ్ స్వెట్టర్ అల్లండి. పొయ్యిలోకి వంగినప్పుడు ముందుగా మంటకి దగ్గరయ్యేవి చేతులే. 

నూలు గురించి రెండు ముక్కలు. ఒంటికి హాయి, పిల్లలకి మంచిది, ఎంత ఉతికినా పర్వాలేదు. కానీ సాగే గుణం దానికి లేదు. సీదా (ముందువైపు నున్నగా కనిపించే కుట్టు) రెండు, ఉల్టా (ముడిలా ఉబ్బి కనిపించే కుట్టు) రెండు వేసి అల్లిన నడుము పట్టీ ఊలులో అయితే లాగి వదిలితే వెనక్కి వస్తుంది. నూలులో నాలుగోసారికి వదులైపోతుంది. బరువు కూడా ఎక్కువ కాబట్టి స్వెట్టర్ పొడవుగా కిందకి సాగుతుంది. నూలుతో అల్లేటప్పుడు పట్టీకి ఒక సైజు సన్నసూది కాదు, రెండు సైజులు సన్నవి వాడండి. పొడవు రెండు అంగుళాలు తక్కువ పెట్టండి.

గోళీలు కట్టడం, అంటే చంకల్లో, ముంజేతుల మీద చిన్న చిన్న బొచ్చు ఉండలు రావడం, ధరని బట్టి వస్తుందనుకుంటారు. అది పురిని బట్టి వస్తుంది. పొట్టి పోగుల్ని వదులుగా పురితిప్పితే మెత్తగా ఉంటుంది, కొనేటప్పుడు చేతికి ముచ్చటేస్తుంది, నెలకి గోళీలు కడుతుంది. ఊలు మీద గోళీలు కొన్నాళ్లకి రాలిపోతాయి. ఆక్రిలిక్ పోగు గట్టిది, గోళీని పట్టుకునే ఉంటుంది. కొనే ముందు దారం కొసని బొటనవేలుతో చూపుడువేలి మీద ఇరవైసార్లు రుద్దండి. అప్పుడే బొచ్చు లేస్తే వదిలేయండి, ఎంత మంచి రంగైనా సరే.

మరి ఏది? కొండమీద పెద్దవాళ్లకి, చేత్తో జాగ్రత్తగా ఉతికే ఇంటికి ఊలు. కొండమీదే స్కూలు పిల్లలకి ఆక్రిలిక్, లేదా ఊలు కాస్త కలిసిన ఆక్రిలిక్. రాయగడ, గుణుపురం ప్రాంతానికి పల్చటి ఆక్రిలిక్ హాఫ్ స్వెట్టర్ చాలు. బరంపురం, పర్లాకిమిడికి నూలు, లేదా సగం నూలు సగం ఆక్రిలిక్. ఈ సగంసగం దారానికి నూలు హాయి ఉంటుంది, బరువు తగ్గుతుంది, పట్టీ కొంచెం నిలుస్తుంది. తీరప్రాంతం వాళ్లకి ఒకే దారం కొనమంటే మేం చెప్పేది ఇదే.

పుట్టిన పాపకి అల్లేవాళ్లు ఒక్క జాగ్రత్త మరవొద్దు. బొచ్చు లేచే మొహైర్ లాంటి దారం, చిల్లుల డిజైను, మెడ చుట్టూ లాగి కట్టే తాడు, ఈ మూడూ వద్దు. బొచ్చు నోట్లోకి పోతుంది, చిల్లుల్లో వేళ్లు ఇరుక్కుంటాయి, తాడు సంగతి చెప్పక్కర్లేదు.

నేతనూలు చవకగా వస్తుందని ఆశపడితే

బరంపురం పట్టుకీ, కోట్‌పాడు నేతకీ పేరున్న ప్రాంతం మనది. నేతవాళ్ల దగ్గర నూలు చిలపలు (దారం చుట్టలు) చవకగా దొరుకుతాయి, కోట్‌పాడు ఎరుపు చూస్తే మనసాగదు. అల్లుకోవచ్చు, కానీ లెక్క తెలిసి కొనండి. 2/20 నంబరు నూలు అంటే 20 నంబరు (నంబరు నూలు సన్నదనానికి కొలత) పోగులు రెండు కలిపి పురితిప్పినది. అది 100 గ్రాములకి దాదాపు 1,700 మీటర్లు వస్తుంది. మామూలు స్వెట్టర్ దారం లావు రావాలంటే ఎనిమిది పేటలు కలిపి అల్లాలి. కలిపి పట్టుకున్న పేటల్లో ఒకటి సూదికి దొరక్కుండా జారడం ప్రతి వరుసలోనూ జరుగుతుంది. సూది కొన మొద్దుగా ఉంటే ఆ బాధ తగ్గుతుంది.

రెండో ఇబ్బంది పురిది. ఒంటిపోగు నూలులో పురి అంతా ఒకవైపే ఉంటుంది, దాన్ని తిరిగి సరిచేసే ఎదురుపురి ఉండదు. అలాంటి దారంతో చదునుగా అల్లితే చతురస్రం రావాల్సింది ఓరగా వాలుతుంది, ఉతికాక ఇంకా వాలుతుంది. కొనే ముందు అరమీటరు దారం తీసి, రెండు కొసలూ దగ్గరకి తెచ్చి వదిలి చూడండి. మధ్యలో వేలాడే భాగం తనంతట తనే మెలికలు తిరిగిపోతే స్వెట్టర్‌కి వద్దు. అన్నీ సీదా కుట్లతో అల్లే చేతిగుడ్డలకి, సంచులకి పనికొస్తుంది.

పట్టు అల్లికకి నూలు కంటే జారుడు, సాగదు, ధర ఎక్కువ. ఊలుతో కలిపితే బాగుంటుంది. విడిగా స్వెట్టర్‌కి కాదు.

సూది నంబరు దగ్గర జరిగే పొరపాటు

మన దుకాణాల్లో సూదులు పాత బ్రిటిష్ నంబర్లతో వస్తాయి. నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. 12 అంటే 2.75 మిల్లీమీటర్లు, 11 అంటే 3, 10 అంటే 3.25, 9 అంటే 3.75, 8 అంటే 4, 7 అంటే 4.5, 6 అంటే 5. అమెరికా నంబర్లు ఇందుకు తలకిందులు, నంబరు పెరిగేకొద్దీ లావు. వాళ్ల 6 అంటే 4 మిల్లీమీటర్లు, 8 అంటే 5. అంటే మన 8 వాళ్ల 6, మన 6 వాళ్ల 8. వీడియోలో ‘ఎనిమిదో నంబరు సూది’ అని విని మన ఎనిమిది తీసుకుంటే మిల్లీమీటరు సన్నసూదితో బిగుతుగా, రేకులా అల్లుతాం. నంబరు చెవిన పెట్టకండి, మిల్లీమీటర్లే అడగండి. సూది మీద అచ్చు చెరిగిపోతే రంధ్రాలున్న కొలపట్టీతో చూసుకోవచ్చు.

లోహం, వెదురు, ప్లాస్టిక్‌లలో ఏది కొనాలన్నది చేతి చెమటని బట్టి. ఉక్కపోతలో ఆక్రిలిక్ దారం అల్యూమినియం సూది మీద కిచకిచమంటూ అతుక్కుంటుంది. చెయ్యి కడుక్కుని తుడుచుకుంటే తగ్గుతుంది. నేర్చుకునేవాళ్లకి వెదురు నయం, కుట్లు జారవు. చెయ్యి తిరిగినవాళ్లకి అది నత్తనడక. వెదురు సూదికి పెచ్చు లేస్తే దారాన్ని లాగేస్తుంది, సన్నటి గరుకు కాగితంతో రుద్ది నునుపు చేసుకోవాలి.

నిలువు సూదులా, వైరు సూదులా (రెండు సూదుల్ని వైరుతో కలిపినవి)? నూలు స్వెట్టర్ అయితే వైరుదే, 80 సెంటీమీటర్లది. బరువంతా ఒళ్లో కూర్చుంటుంది, మణికట్టు మీద పడదు. వైరు సూదితో గుండ్రంగానే అల్లాలన్న నియమం లేదు, వెనక్కీ ముందుకీ చదునుగా కూడా అల్లొచ్చు. పైగా గుణుపురం బండిలో కూర్చుని అల్లుకుంటే పక్కవాళ్ల డొక్కలో పొడవదు.

కొలత ముక్క: రెండు కుట్ల తేడా ఎంత పని చేస్తుందంటే

అందరూ దాటేసేది ఇదే, స్వెట్టర్ చెడేదీ ఎక్కువగా ఇక్కడే. ఒక్క లెక్క చూడండి. ఛాతీ 36 అంగుళాలు, వదులు 4, మొత్తం 40 అంగుళాలు, అంటే సుమారు 102 సెంటీమీటర్లు. డిజైన్ ప్రకారం 10 సెంటీమీటర్లకి 22 కుట్లు రావాలి. అంటే ముందూ వెనకా కలిపి 224 కుట్లు. మీ చెయ్యి కాస్త వదులు, 10 సెంటీమీటర్లకి 20 కుట్లే వస్తున్నాయి. అవే 224 కుట్లు ఇప్పుడు 112 సెంటీమీటర్లు అవుతాయి, 44 అంగుళాలు. పది సెంటీమీటర్లలో రెండే కుట్లు తేడా, ఒంటి మీద నాలుగు అంగుళాలు తేడా. 36 ఛాతీ మనిషికి 40 ఛాతీ మనిషి స్వెట్టర్ అల్లి ఇచ్చినట్టు.

ముక్క ఇలా అల్లండి. 34 కుట్లు ఎక్కించి 15 సెంటీమీటర్ల ఎత్తు వచ్చేదాకా అల్లండి. అంచు కుట్లు వదులుగా ఉంటాయి కాబట్టి మధ్యలోనే 10 సెంటీమీటర్లు గుండుసూదులతో గుర్తుపెట్టి లెక్కించండి. అరకుట్టుని కూడా లెక్కలో వేయండి. ఆ తర్వాత దాన్ని అసలు స్వెట్టర్‌ని ఎలా ఉతుకుతారో అలాగే ఉతికి, ఆరేసి, మళ్లీ లెక్కించండి. నూలూ సూపర్‌వాష్ ఊలూ ఉతికాకే అసలు రంగు చూపిస్తాయి. కుట్లు తక్కువొస్తే ఒక సైజు సన్నసూది, ఎక్కువొస్తే ఒక సైజు లావుసూది. చెయ్యి బిగించి అల్లి సరిచేద్దామనుకోవద్దు, మూడో రోజుకి చెయ్యి తన దారికి తను వెళ్లిపోతుంది.

ఎంత కొనాలి

4 మిల్లీమీటర్ల సూదికి సరిపడే మామూలు దారంతో అయితే, టోపీకి 50 నుంచి 70 గ్రాములు, మఫ్లర్‌కి 150 నుంచి 200, రెండేళ్ల పిల్లకి స్వెట్టర్‌కి 150 నుంచి 200, 36 ఛాతీకి పూర్తి చేతుల స్వెట్టర్‌కి 450 నుంచి 550. ఇవి ఆక్రిలిక్ లెక్కలు. గ్రాములు నమ్ముకుని దారం మారిస్తే దెబ్బతింటారు. ఇదే లావులో ఆక్రిలిక్ 100 గ్రాములకి 270 మీటర్ల దాకా వస్తే, ఊలు 220 దగ్గర, నూలు 200 దగ్గర ఆగుతాయి. నూలు పోగు బరువైనది మరి. డిజైన్‌లో 450 గ్రాముల ఆక్రిలిక్ అంటే నూలుకి 600 పైమాటే. మీటర్లలో లెక్కేసి కొనండి.

చుట్టుకాగితం మీద రంగు నంబరు పక్కన లాట్ నంబరు ఉంటుంది. రంగు నంబరు ఒకటే అయినా లాట్ వేరైతే రంగుల తొట్టి వేరు. దుకాణం దీపం కింద ఒకేలా కనిపిస్తాయి, పగటి వెలుతురులో వీపు మీద గీత గీసినట్టు తేలుతుంది. పర్లాకిమిడి వాళ్లు పాతపట్నం పోయి, రాయగడ వాళ్లు పార్వతీపురం పోయి మిగతా రెండు ఉండలు తెచ్చుకునేటప్పుడు జరిగేది ఇదే. ఒక ఉండ ఎక్కువే కొనండి. తప్పనిసరై లాట్లు కలపాల్సి వస్తే, ఒక ఉండ అయిపోయాక ఇంకోటి మొదలుపెట్టకండి. రెండు వరుసలు పాత ఉండతో, రెండు వరుసలు కొత్త ఉండతో మార్చిమార్చి పది, పన్నెండు సెంటీమీటర్లు అల్లితే కంటికి తెలియకుండా కలిసిపోతుంది.

సగంలో అనుమానమొస్తే వంటింటి డిజిటల్ త్రాసు తీయండి. వెనక భాగం పూర్తయ్యాక తూచండి. ముందు భాగం దాదాపు అంతే, రెండు చేతులూ కలిపి దాదాపు అంతే. వెనక భాగం బరువుని మూడుతో హెచ్చించి, మెడపట్టీకి పదోవంతు కలిపితే మొత్తం తెలుస్తుంది. 140 గ్రాములు తూగితే 460 కావాలి. చాలదని తేలితే నడుము, మణికట్టు, మెడ పట్టీలు వేరే రంగుతో అల్లండి. పట్టీలు మూడూ ఒకే రంగయితే అది డిజైన్‌లా కనిపిస్తుంది. ఒక్క చెయ్యి చివర మాత్రమే రంగు మారితే దారం అయిపోయిందని ఊరంతా చదువుకుంటుంది.

మొదటి పని మఫ్లరా, టోపీయా?

మఫ్లర్‌తోనే మొదలుపెట్టమని అందరూ చెప్తారు. మేం టోపీ అంటాం. అన్నీ సీదా వరుసలతో 25 సెంటీమీటర్ల వెడల్పు, 150 సెంటీమీటర్ల పొడవు మఫ్లర్‌కి వరుసకి 52 కుట్ల చొప్పున 600 వరుసలు పడతాయి. 31 వేల కుట్లు పైనే. నేర్చుకునేవాళ్లు నిమిషానికి 15 కుట్లు వేస్తారనుకున్నా దాదాపు 35 గంటలు, ఒకే కుట్టు, ఒకే వరుస. అర్ధమీటరు దగ్గర విసుగొచ్చి సంచిలో పడేసిన మఫ్లర్లు ప్రతి ఇంట్లోనూ ఉన్నాయి. టోపీకి ఆరువేల కుట్లు, ఏడు గంటల లోపు. కుట్లు ఎక్కించడం, సీదా ఉల్టా, తగ్గించడం, చివర కుట్టి కలపడం అన్నీ అందులోనే వచ్చేస్తాయి.

పెద్దవాళ్ల తల చుట్టుకొలత 56 సెంటీమీటర్లు అనుకుందాం. టోపీ తల కంటే ఐదు సెంటీమీటర్లు చిన్నగా ఉంటేనే నిలుస్తుంది కాబట్టి 51. పది సెంటీమీటర్లకి 22 కుట్ల చొప్పున 112 కుట్లు. రెండు సీదా, రెండు ఉల్టా పట్టీకి నాలుగుతో భాగం పోవాలి, పోతుంది. కుట్టి కలపడానికి అటూ ఇటూ ఒక్కో కుట్టు చేర్చి 114 ఎక్కించండి. ఐదు సెంటీమీటర్లు పట్టీ, పన్నెండు సెంటీమీటర్లు సాదా అల్లిక, తర్వాత ఒక వరుస విడిచి ఒక వరుసలో కుట్లు తగ్గిస్తూ ముగించండి.

చెడిన పనిని విప్పాలా, కొనసాగించాలా?

వెడల్పు తప్పితే విప్పండి, ఇందులో రెండో మాట లేదు. ‘ఉతికితే సర్దుకుంటుంది’ అన్నది ఆశే. నాలుగు వరుసల కింద ఒక్క సీదా కుట్టు ఉల్టా పడితే మొత్తం విప్పక్కర్లేదు. ఆ కుట్టు మీదికి వచ్చి, దాన్ని ఒక్కదాన్నే సూది నుంచి జార్చి, తప్పు దాకా నిచ్చెన మెట్లలా విడదీసి, క్రోషే సూదితో ఒక్కో మెట్టూ మళ్లీ పైకి ఎక్కించండి. రంగు నచ్చక ఆగిపోయిన పని మాత్రం చేత్తో సరికాదు. దాన్ని విప్పి దారంగా దాచుకోవడమే నయం.

విప్పాల్సి వస్తుందని ముందే అనుమానముంటే ప్రతి 20 వరుసలకీ ఒక కాపుదారం వేసుకోండి. పెద్ద కంతసూదిలో నున్నటి నూలు దారం వేరే రంగుది ఎక్కించి, అల్లిక సూది మీదున్న కుట్లన్నిటి గుండా పోనిచ్చి వదిలేయడమే. తర్వాత ఎంత విప్పినా ఆ దారం దగ్గర ఆగిపోతుంది. చిల్లుల డిజైన్లకి ఇది లేకుండా కూర్చోకండి.

విప్పిన దారం మెలికలుగా ఉంటుంది. అలాగే అల్లితే కుట్లు ఎగుడుదిగుడుగా వస్తాయి. కుర్చీ వీపుకి చుట్టి చిలప చేసి, నాలుగు చోట్ల వదులుగా కట్టి, గోరువెచ్చని నీళ్లలో అరగంట ముంచి, నీళ్లు నొక్కేసి నీడలో వేలాడదీయండి. ఊలు, నూలు నిటారుగా వచ్చేస్తాయి. బరువు మాత్రం కట్టకండి, ఊలు సాగిపోయి తర్వాత స్వెట్టర్‌గా అల్లి ఉతికాక కుదించుకుంటుంది. ఆక్రిలిక్ మెలికలు ఈ నీళ్లకి పూర్తిగా పోవు. కొద్దిగా ఉన్నా అల్లేయొచ్చు, రెండు ఉతుకులకి సర్దుకుంటాయి.

విప్పిన ఊలుని వానాకాలం దాకా దాచాలంటే ముందు ఉతికి బాగా ఆరబెట్టండి. బట్టల చిమ్మట పిల్లలు చెమట, నూనె మరకలున్న ఊలునే వెతుక్కుని తింటాయి. వేపాకు వాసన ఒక్కదాన్నే నమ్ముకోకండి. మూతపడే డబ్బాలో పెట్టి, నెలకోసారి తీసి ఎండలో దులపండి. నూలుకి చిమ్మట పట్టదు కానీ తీరం తేమకి బూజు పడుతుంది. అందుకని నూలుని ప్లాస్టిక్ సంచిలో బిగించకుండా గుడ్డ సంచిలో పెట్టండి. చుట్టుకాగితాన్నీ, అర మీటరు దారాన్నీ డబ్బా మూతకి లోపలివైపు అంటించి ఉంచుకుంటే, రెండేళ్ల తర్వాత మోచేతికి చిల్లు పడినప్పుడు ఏ లాట్ అడగాలో, ఏ సూది తీయాలో తెలుస్తుంది.